ఎరువు తెచ్చిన నౌక

రేపల్లెలో రైలుమార్గము ముగియును. అచ్చట బయలుదేరిన బండి వరిచేల నడుమగా భట్టిప్రోలు, వేమూరు దాటి తెనాలి చేరును. తెనాలిలో పెద్దమార్గము కలియును. బాపట్ల వైపునుండి వచ్చు బండ్లు ఆ మార్గముననే కృష్ణను దాటి, గోదావరిని దాటి, విశాఖపట్టణమునకు సాగిపోవును. ఈ మూడు ఊళ్ళ పాఠశాలల పిల్లలు విహారయాత్రకై విశాఖకు వెళ్ళినప్పుడు చూడక విడువని వింత యొకటి కలదు. అది రామకృష్ణా బీచి చెంత ఒడ్డున నిలిపి యుంచిన 'కురుసుర' అను జలాంతర్గామి.

బాపట్ల పిల్లలకు సముద్రము క్రొత్త కాదు. సూర్యలంక వారికి దగ్గరిదే. రేపల్లె పిల్లలు నిజాంపట్నమున చేపలపడవలు వేకువనే బయలుదేరుటను, ప్రొద్దెక్కిన పిదప వలలతో తిరిగివచ్చుటను ఎరుగుదురు. పడవ యనగా నీటిపై తేలునది. మునిగినచో అది ఆపద. తన యిచ్చ వచ్చినప్పుడు మునిగి, తన యిచ్చ వచ్చినప్పుడు తేలు పడవ మాత్రము వారికి క్రొత్త. అందుచేతనే కురుసుర కడుపులో వంగి వంగి నడచుచు, గోడలనిండ అల్లుకొనిన గొట్టములను, చక్రములను, ఒకదానిపై నొకటి కట్టిన ఇరుకు పడకలను చూచి వారు అబ్బురపడుదురు. బయటకు వచ్చునప్పుడు ఎవడో ఒక చురుకైన పిల్లవాడు, "ఇది అణుశక్తితో నడచునదేనా?" అని తప్పక అడుగును.

కాదు. కురుసుర డీజిలు యంత్రములతోను, విద్యుత్తుతోను నడచినది. అణుశక్తితో నడచు జలాంతర్గాములకును విశాఖయే నెలవు. కాని అవి డాల్ఫిన్స్ నోస్ కొండ చాటున, నౌకాదళము వారి కాపుదలలో నుండును, ఎవరికిని చూపబడవు. వానిలో మొట్టమొదట విశాఖకు వచ్చినది 'చక్ర'. అది మన దేశములో పుట్టినది కాదు, మన దేశములో నిలిచినదియు కాదు. మూడేండ్లు మాత్రము ఉండి, వచ్చిన చోటికే వెడలిపోయినది.

చక్ర కథ తెలియవలెనన్న ముందుగా కురుసుర కొరత యేమియో తెలియవలెను.

కురుసుర 1969 డిసెంబరు 18వ తేదీన, నాడు సోవియట్ దేశములో భాగమై యుండిన రీగా రేవున, భారత నౌకాదళములో చేరెను. నిడివి సుమారు 91 మీటర్లు. 1971 యుద్ధకాలమున కాపలా తిరిగెను. నడుమ కొన్ని యేండ్లు తోటి జలాంతర్గాములకు విడిభాగములు ఇచ్చుటకై పని మాని, మరల బాగుచేయబడి కొలువునకు వచ్చెను. 2001 ఫిబ్రవరి 27వ తేదీన విశ్రాంతి పొంది, 2002లో ప్రదర్శనశాలగా మారెను. దాని 31 ఏండ్ల కొలువులో అది నడచిన దూరము 73,500 నాటికల్ మైళ్ళు. నాటికల్ మైలనగా 1,852 మీటర్లు. ఈ 73,500 అను అంకెను గుర్తుంచుకొనుట మంచిది. దీనితో ముందు పని యున్నది.

డీజిలు మండుటకు గాలి కావలెను. సముద్రగర్భమున గాలి లేదు. కావున కురుసుర వంటి నౌక పైకి తేలినప్పుడు డీజిలు యంత్రములను నడిపి, ఆ బలముతో బ్యాటరీలను నింపుకొనును. మునిగిన పిమ్మట ఆ బ్యాటరీల విద్యుత్తుతో మోటార్లను త్రిప్పుకొనును. మెల్లగా పోయినచో అది కొన్ని దినములకు చాలును. వేగముగా పోయినచో కొన్ని గంటలకే అడుగంటును. అప్పుడు నౌక పైకి రావలెను. లేదా పై నీటికి చేరువగా వచ్చి గాలిగొట్టమునైనను బయటికి చాపవలెను. శత్రువు దానికై కాచుకొని యుండును. భారతకథలో దుర్యోధనుడు జలస్తంభన విద్యచే మడుగులో దాగెను. అచ్చట నున్నంతకాలము అతనిని ఎవరును ఏమియు చేయజాలకపోయిరి. బయటికి వచ్చిన పిదపనే భీముని గద తగిలెను. డీజిలు జలాంతర్గామికి భీముడు కవ్వింపనక్కరలేదు. దాని ఊపిరియే దానిని పైకి లాగును.

అణుశక్తి ఈ కొరతను తీర్చినది. బెజవాడ చెంత ఇబ్రహీంపట్నమున బొగ్గును మండించి, నీటిని ఆవిరి చేసి, ఆ ఆవిరితో టర్బైనులను త్రిప్పి విద్యుత్తు పుట్టించుచున్నారు. అణు జలాంతర్గామిలోను ఆవిరియే పని చేయును, టర్బైనే తిరుగును. పొయ్యి మాత్రము వేరు. యురేనియము పరమాణువులు చీలునప్పుడు వేడి పుట్టును. దీనికి గాలితో పని లేదు. రియాక్టరు గుండా పారు నీరు ఆ వేడిని గ్రహించును. గొప్ప ఒత్తిడిలో నుంచుటచేత ఆ నీరు మరగదు. అది తన వేడిని వేరొక గొట్టములోని నీటికి అందించును. ఆ రెండవ నీరు ఆవిరియై టర్బైనును త్రిప్పును. రెండు నీళ్ళును ఎన్నడును కలియరాదు. మొదటి నీటిలో ప్రాణహాని చేయు రేడియోధార్మికశక్తి యుండును గనుక అది దట్టమైన కవచముల నడుమనే తిరుగవలెను.

ఇట్టి నౌకలో ఇంధనము ఏండ్ల తరబడి వచ్చును. త్రాగు నీటిని సముద్రపు నీటినుండియే బట్టిపట్టుకొందురు. పీల్చు గాలిని లోపలనే శుద్ధి చేసికొందురు. బియ్యము, పిండి, కూరలు నిండుకొన్ననాడో, మనుష్యుల ఓపిక నిండుకొన్ననాడో తప్ప అది పైకి రానక్కరలేదు. 1955 జనవరి 17వ తేదీన అమెరికా వారి 'నాటిలస్' మొదటిసారిగా అణుశక్తితో సముద్రమున కదలెను. 1958 ఆగస్టులో అదే నౌక ఉత్తరధ్రువపు మంచు అడుగుగా ఈదిపోయెను.

అయినను ఈ పొయ్యికొక దుర్గుణము కలదు. కట్టెలపొయ్యిపై నీళ్ళు చల్లిన ఆరిపోవును. రియాక్టరులో పరమాణువుల చీలికను ఆపివేసినను వేడి వెంటనే పోదు. చీలిన తునకలు తమంతట తాము వేడిని వెలిగ్రక్కుచునే యుండును. ఆ వేడిని గంటల తరబడి, దినముల తరబడి నీటితో తీసివేయుచునే యుండవలెను. తీసివేయువారు ఏమరినచో ఇంధనమే కరగిపోవును. కాబట్టి అణునౌకను కొనుట వేరు, నడుపుట వేరు. డబ్బుండిన మొదటిది సాధ్యమగును. రెండవదానికి మనుష్యులు కావలెను. వారికి చేతివాటము కావలెను. చేతివాటము పుస్తకములు చదివిన రాదు. ఈత నేర్చువాడు ఎప్పటికైనను నీటిలో దిగవలసినదే గదా!

భారతదేశమునకు ఈ విద్యపై మనసు పోవుటకు 1971 సంవత్సరము ముఖ్యకారణములలో నొకటి. ఆ డిసెంబరు 3వ తేదీ రాత్రి పాకిస్తాను జలాంతర్గామి 'ఘాజీ' విశాఖ రేవు ముంగిటనే మునిగిపోయెను. నీటి క్రింద దాగి వచ్చు శత్రువు ఎంత చేరువకు రాగలడో తెలుగుతీరము ఆనాడు కన్నులార చూచినది. అదే నెలలో అమెరికా తన అణుశక్తి విమానవాహక నౌక 'ఎంటర్‌ప్రైజ్'ను బంగాళాఖాతములోనికి పంపెను. అది యుద్ధములో దిగలేదు. కాని అట్టి నౌక దినముల తరబడి వేగము తగ్గింపక పోగలదు. దానిని వెన్నాడగలిగిన జలాంతర్గామి మనకు ఒక్కటియు లేకుండెను. అణు జలాంతర్గామిని మనమే కట్టుకొనవలెనను సంకల్పము ఆ తరువాతి యేండ్లలో గట్టిపడెను. అయితే కట్టుటకు ముందు నడుపుట తెలియవలెను. నడుపుట నేర్చుటకు నౌక కావలెను. నౌక లేక విద్య రాదు, విద్య లేక నౌక రాదు. ఈ చిక్కుముడిని విప్పుటకు దొరికిన యుపాయమే ఎరువు.

ఎరువనగా ఇచ్చట పొలమునకు వేయునది కాదు. తిరిగి యిచ్చెదమని చెప్పి పొరుగువారినుండి తెచ్చుకొను వస్తువు. పూర్వము పెండ్లిండ్లకు నగలు ఎరువు తెచ్చుకొనువారు. "ఎరువు సొమ్ము బరువు చేటు" అని సామెత. పోయినను చేటు, సొట్టపడినను చేటు. ధరించినంతసేపును గుండె దడ తప్పదు. ఆ నగ అణు జలాంతర్గామి యైనప్పుడు దడ యెంత యుండునో ఊహించుకొనవచ్చును. ఒక దేశము తన అణు జలాంతర్గామిని వేరొక దేశమునకు ఎరువిచ్చుట ప్రపంచచరిత్రలో అదే మొదలు. ఇచ్చినది సోవియట్ దేశము, గడువు మూడేండ్లు. అందు అణ్వస్త్రము లేవియు నుండవు. సోవియట్ నిపుణులు కొందరు నౌకలో మన వారి ప్రక్కనే యుందురు.

ఆ నౌక పాత పేరు కే-43. వోల్గా నది యొడ్డున గోర్కీ పట్టణములో దానిని కట్టిరి. (ఆ ఊరికి నేడు పూర్వపు పేరే మరల వచ్చినది, నిజ్నీ నొవ్‌గొరొద్ అందురు.) 1967లో అది సోవియట్ నౌకాదళమున చేరెను. నిడివి సుమారు 94 మీటర్లు, అనగా కురుసుర కంటె మూడు మీటర్లు మాత్రమే ఎక్కువ. లోపల నొక రియాక్టరు. ముందు భాగమున ఎనిమిది క్షిపణుల గొట్టములు. అవి గాక టార్పెడోలు. ఆ క్షిపణులలో నొక విశేషము కలదు. శత్రునౌకలను కొట్టు క్షిపణిని నీటి అడుగుననుండియే విడుచుట ప్రపంచములో ఈ తెగ నౌకలతోనే మొదలైనది.

ఇదే తెగలో పుట్టిన మరియొక నౌక కథ ఇచ్చట చెప్పక తప్పదు. దాని పేరు కే-429. 1983 జూన్‌లో దానిని కామ్‌చాట్కా తీరమున పరీక్షార్థము ముంచిరి. అందున్న బృందము కలిసి పనిచేసిన బృందము కాదు. వేర్వేరు నౌకల వారిని తొందరగా జతపరచి ఎక్కించినది. గాలిగొట్టములు తెరచియుండగనే నౌక మునిగెను. ఒక అర నిండ నీరు చొచ్చి, నౌక అడుగునకు పోయి నేలను తాకెను. లోపలివారిలో పెక్కుమంది టార్పెడో గొట్టములగుండ బయటపడిరి. పదునారుగురు మరణించిరి. ఆ నౌక లోహములో లోపము లేదు. దాని రియాక్టరులోను లోపము లేదు. ఒకరి చేయి మరియొకరికి తెలియకపోవుటయే లోపము. మన నావికులు శిక్షణకై సోవియట్ దేశమునకు వెళ్ళినది ఇంచుమించుగా ఆ కాలముననే. తాము నడుపబోవు నౌకకు సోదరియే అట్లు మునిగినది.

శిక్షణలో మొదటి మెట్టు రష్యా భాష. నౌకలో ప్రతి మీట పైన, ప్రతి ముల్లు పైన ఉన్న వ్రాత ఆ భాషలోనే. ఆపదవేళ నిఘంటువు తిరగవేయుటకు తీరిక యుండదు గదా. పిమ్మట పరమాణుశాస్త్రము, రియాక్టరు నిర్మాణము, ఆవిరి యంత్రములు, ప్రమాదమున చేయవలసిన పనులు. చదివినది నోటితో చెప్పవలెను. చెప్పినది చేతితో చేయవలెను. చేసినది చీకటిలో, కన్నులు మూసికొని కూడ చేయగలుగవలెను. పెండ్లిపిల్లలు గలవారు, మీసములు నెరసినవారు కూడ మరల బల్లలపై కూర్చుండి పలకపట్టినట్లు అక్షరములు దిద్దిరనుట అతిశయోక్తి కాదు. ఇట్లు తయారైన బృందమునకు నాయకుడు కెప్టెన్ ఆర్. ఎన్. గణేశ్.

1988 జనవరి 5వ తేదీన, వ్లాదివొస్తోక్ రేవున, కే-43పై సోవియట్ పతాకమును దింపి భారత పతాకమును ఎగురవేసిరి. ఆ నెలలో ఆ తీరమున సముద్రము గడ్డకట్టి యుండును. నౌకకు 'చక్ర' అని పేరు పెట్టిరి. ఆ మంచులోనుండి బయలుదేరిన నౌక ఆసియా ఖండపు తూర్పు తీరమును చుట్టి వచ్చెను. 1988 ఫిబ్రవరి 3వ తేదీన విశాఖ తీరమున ప్రధానమంత్రి రాజీవ్ గాంధి స్వయముగా దానికి స్వాగత మిచ్చెను.

విశాఖ రేవునకు ఇట్టి అతిథులను ఇముడ్చుకొను సౌకర్యము సహజముగనే కలదు. ఒక ప్రక్కన కొండ అడ్డము. లోపల 1933లో తెరచిన లోరేవు. నౌకాదళపు జలాంతర్గామి స్థావరమైన 'వీరబాహు' అప్పటికే అచ్చట పనిచేయుచుండెను. 1974లో నెలకొల్పిన జలాంతర్గామి విద్యాలయమునకు 'శాతవాహన' అని పేరు. ఆ పేరు చక్కగా కుదిరినదే. శాతవాహనరాజు యజ్ఞశ్రీ నాణెములపై రెండు తెరచాపకొయ్యల నౌక బొమ్మ కలదు. రేపల్లె బండి దారిలోని భట్టిప్రోలు స్తూపము శాతవాహనుల కంటె పూర్వపుదే యందురు. ఈ తీరమువారికి నౌక నిన్నటి విద్య కాదు.

అయినను చక్ర వచ్చినప్పుడు ఊరిలో కొందరికి భయము కలుగకపోలేదు. చెర్నోబిల్ ప్రమాదము జరిగి అప్పటికి రెండేండ్లు కాలేదు. 'ఇంటి ముంగిట రియాక్టరు నిలిచినది, దానికేమైన నైనచో?' అని జనులు అనుకొనుట తప్పు కాదు. ఆ ప్రశ్న అడుగవలసినదే. నౌక వచ్చుటకు ముందే దానికై ప్రత్యేకమైన రేవుకట్టను, రియాక్టరునకు వలసిన అతిశుద్ధజలమును తయారుచేయు యంత్రములను, రేడియోధార్మికమైన వస్తువులను శుద్ధిచేయు స్థలమును ఏర్పరచిరి. నావికులు తమ దేహమునకు ఎంత వికిరణము సోకినదో తెలుపు చిన్న కొలమానములను ధరించి తిరుగుచుండిరి. గృహస్థుకు పొయ్యి వెలిగించుట నిముషపు పని. ఈ పొయ్యి చుట్టు ఊరిపాటి సంసారమును నిలుపవలసివచ్చెను. ఈ ఏర్పాట్లలో పెక్కు చక్ర పోయిన తరువాతి నౌకలకును దారి చూపినవి.

చక్ర చేసిన పని యేమి? అది యుద్ధము చేయలేదు. మూడేండ్లును దానికి బడియే. సముద్రమునకు పోవుట, మునుగుట, దాగుట. మన నౌకలు దానిని వెదకుట, అది వాని కన్ను గప్పుట. ఒక్కొక్కప్పుడు క్షిపణిని, తరచుగా టార్పెడోను విడుచుట. వెదకు నౌకలవారికి కూడ అది విద్యయే. డీజిలు జలాంతర్గామిని వెదకుట యెరిగినవారు, ఎంతసేపు కాచినను ఊపిరికై పైకి రాని దానిని వెదకుట ఎట్లో తొలిసారిగా నేర్చుకొనవలసివచ్చినది.

నీటి అడుగున నున్నవారికి పగలు రేయి అను భేదము లేదు. గడియారము చూచియు, వడ్డించినది ఉదయపు ఫలహారమా రాత్రి భోజనమా అని చూచియు ప్రొద్దు తెలిసికొందురు. వంతులవారీగా కాపలా, వంతు తీరినవాడు నిద్ర, నిద్రలో గంట మ్రోగినచో ఉరుకులు. ఆ గంట నిజముగా ఆపద వచ్చి మ్రోగినదో, అభ్యాసమునకై నాయకుడే మ్రోగించినదో మంచము దిగునప్పటికి తెలియదు. రెంటికిని ఒకేరీతిగా పరుగెత్తవలెను. కే-429లో లేనిది సరిగా ఇదియే.

మూడేండ్ల లెక్క ఇట్లున్నది: చక్ర రియాక్టరు 430 దినములు పనిచేసెను. ఐదు మారులు క్షిపణులను, 42 మారులు టార్పెడోలను ప్రయోగించిరి. నడచిన దూరము సుమారు 72,000 మైళ్ళు.

ఇప్పుడు కురుసుర అంకెను జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. 31 ఏండ్లలో 73,500 మైళ్ళు. కురుసుర నడుమ కొన్నేండ్లు నిలిచిపోయినదనుట నిజమే. దాని పని కూడ వేరు, కాచుకొని కూర్చుండుట దానికి ముఖ్యము. అన్నియు త్రోసిపుచ్చినను, ఒకటి జీవితకాలమంతయు నడచిన దారిని మరియొకటి మూడేండ్లలో నడచినది. నిడివిలో మూడు మీటర్ల తేడా గల ఈ రెండు నౌకల నడుమ అంతరమంతయు ఊపిరిలోనే యున్నది.

వేగమును కూడ ఒక లెక్కతో తెలిసికొనవచ్చును. విశాఖనుండి నిజాంపట్నము సముద్రమార్గమున సుమారు 200 నాటికల్ మైళ్ళు. చక్ర నీటిలో గంటకు సుమారు 25 నాటికల్ మైళ్ళ వేగముతో పోగలదు. అనగా సాయంకాలము విశాఖలో మునిగినచో, నిజాంపట్నపు పడవలు వేకువన బయలుదేరక మునుపే ఆ ప్రాంతమునకు రాగలదు. అంతటి వేగముతో వచ్చియు అలసట యెరుగదు. అయితే అది నిజాంపట్నపు తీరము దాక రాజాలదు. కృష్ణ తెచ్చిపోయు ఒండ్రుచేత ఆ అఖాతము లోతు తక్కువ. అంతటి నౌక అందు దాగుటకు చోటు లేదు. లోతు చాలిన నీరు అచ్చటికి దూరముగా, సముద్రము లోపల నున్నది.

గడువు 1991 జనవరితో తీరెను. నౌకను మరికొంతకాలము ఉంచుకొనవలెనని మన వారికి ఉండెను. కాని సోవియట్ దేశమే ఆనాడు గడగడలాడుచుండెను. ఆ యేడు ముగియకమునుపే ఆ దేశము పదునైదు ముక్కలైనది. పొడిగింపు కుదరలేదు. విష్ణుచక్రము శత్రువును ఖండించి విడిచినవాని చేతికే తిరిగివచ్చునని పురాణములు చెప్పును. ఈ చక్ర యెవ్వరిని ఖండింపకయే ఇచ్చినవాని చేతికి తిరిగిపోయెను. మన నావికులు దానిని మరల ఉత్తరమునకు నడిపికొనిపోయి అప్పగించిరి. సొమ్ము పోలేదు, సొట్టపడలేదు. అప్పటికి దానికి వయస్సు ఇరువది మూడేండ్లు. సోవియట్ దళములో మరల కొలువు చేయలేదు. కొలువు మాని, కాలక్రమమున తుక్కుగా మారెను.

విశాఖలో ఇక అణు జలాంతర్గామి లేదు. రేవుకట్ట ఖాళీ. చక్రలో పనిచేసినవారు వేరు వేరు నౌకలకు, కార్యాలయములకు చెదరిపోయిరి. మూడేండ్ల శ్రమ నీళ్ళలో కలిసినదని ఆనాడెవరైన అనుకొని యుండిన ఆశ్చర్యము లేదు. అణునౌకను నడిపిన చేతులున్నవి. నడుపుటకు నౌక లేదు. ఇట్టి ఖాళీ ఇంచుమించు ఇరువది యేండ్లు సాగినది. నౌకాదళమున ఒక అధికారి ప్రవేశించి పదవీవిరమణ చేయుటలో సగముకంటె నెక్కువ కాలమది. నేర్చిన విద్యకు సానపెట్టు అవకాశము లేకుండుట, విద్య నేర్వకపోవుట కంటె ఎక్కువ బాధాకరము.

కాని విశాఖలోనే, మూసిన కప్పు క్రింద వేరొక పని జరుగుచుండెను. చక్ర తొలి నాయకుడు గణేశ్ తరువాత వైస్ అడ్మిరల్ అయి ఆ పనికి అధిపతిగా కొంతకాలము పనిచేసెను. 2009 జూలై 26వ తేదీన, ప్రధానమంత్రి మన్మోహన్ సింగు భార్య గురుశరణ్ కౌర్ కొబ్బరికాయ కొట్టగా, మన దేశమున కట్టిన మొదటి అణు జలాంతర్గామి 'అరిహంత్' విశాఖలో నీటిని తాకెను. నీటిని తాకుట మొదటి మెట్టు మాత్రమే. దాని రియాక్టరులో శృంఖలాచర్య మొదలగుటకు 2013 ఆగస్టు వరకు పట్టెను. సముద్రమున పరీక్షకు పోవుటకు 2014 డిసెంబరు వరకు. కొలువున చేరుటకు 2016 ఆగస్టు వరకు. తొందరపడలేదు. తొందర యేమి చేయునో 1983లోనే తెలిసినది.

ఈ లోగా 2012లో రష్యానుండి మరియొక నౌకను పదేండ్ల గడువునకు ఎరువు తెచ్చిరి. అది మొదటి దానికంటె పెద్దది, నిశ్శబ్దమైనది. దానికిని 'చక్ర' అనియే పేరు పెట్టి, 2012 ఏప్రిల్ 4వ తేదీన విశాఖలో కొలువునకు చేర్చిరి. దానికొక చేదు కథ కలదు. 2008 నవంబరులో, ఇంకను రష్యా వారి చేతిలో పరీక్షలలో నుండగా, మంటలార్పు వాయువు పొరపాటున విడుదలై ఇరువదిమంది ఊపిరాడక మరణించిరి. రియాక్టరుకు ఆనాడు ఏమియు కాలేదు. ఇచ్చటను యంత్రము కంటె మనుష్యుని చేతిలోనే ఆపద యున్నది. ఈ రెండవ చక్ర కూడ గడువు ముగియవచ్చిన 2021లో తిరిగి వెళ్ళిపోయెను.

2024 ఆగస్టు 29వ తేదీన 'అరిఘాత్' అను రెండవ స్వదేశపు అణు జలాంతర్గామి విశాఖలో కొలువు చేరెను. ఇది ఎరువు తెచ్చినది కాదు. తిరిగి యిచ్చు గడువు దీనికి లేదు.

విహారయాత్ర పిల్లలు కురుసుర చూచి బయటికి వచ్చి, రైలు వేళ దాక ఇసుకలో కూర్చుందురు. దక్షిణమున డాల్ఫిన్స్ నోస్ కొండపై దీపస్తంభము కనబడును. ఆ కొండ చాటుననే లోరేవునకు పోవు దారి. చేపలపడవలు వచ్చును, సరకుల ఓడలు పోవును. తెనాలిలో దిగి రేపల్లె బండి అందుకొనవలసినవారిని ఉపాధ్యాయులు ముందుగా లేపుదురు.